నాకేం లేదమ్మా, పాపం ఆవిడే

మోరిస్‌విల్,
ఆదివారం మధ్యాహ్నం.

పెద్దక్కకు లలిత దణ్ణం పెట్టి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేనూ, మోహన్, నిత్యా, అత్తయ్యా క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, రవీ, కోడలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం చేరడానికి ఇరవై రోజులు పట్టింది. ఈసారి దస్తూరీ నీది కాదు, కోడలి చేత రాయించినట్టున్నావు. అంగన్‌వాడీల తనిఖీలతో నీకు ఊపిరి సలపడం లేదేమోననుకున్నాను.

రోజూ వాట్సాప్‌లో మొహాలు చూసుకుంటూ మళ్ళీ ఈ కాగితాలెందుకని మోహన్ నవ్వుతాడు. వీడియోలో నీ పక్కన ఎవరో ఒకరుంటారు, నా పక్కన ఎవరో ఒకరుంటారు. బాగున్నావా అంటే బాగున్నాననడంతోనే సగం కాలం గడిచిపోతుంది. ఈసారి చెప్పాల్సింది కొంచెం ఎక్కువే ఉంది. అందుకే ఫోన్ పక్కన పడేసి కూర్చున్నాను.

ఇక్కడ ఇప్పుడు పైన్ చెట్ల పుప్పొడి రోజులు. కార్ల మీద, మెట్ల మీద, పోస్టు డబ్బా మీద పసుపు చల్లినట్టు ఉంటుంది. మోహన్‌కు తుమ్ములే తుమ్ములు. నిత్య డ్రైవింగ్ నేర్చుకుంటోంది. పక్కసీట్లో కూర్చుని నేను లేని బ్రేకు తొక్కుతుంటాను. అత్తయ్య కుండీల్లో గోంగూర విత్తనాలు చల్లి, మొలకలు వచ్చాయా లేదా అని పూటకోసారి చూసి వస్తున్నారు.

నా ఉద్యోగమేమిటో నువ్వు రెండుసార్లు అడిగావు, రెండుసార్లూ నేను సరిగ్గా చెప్పలేదు. పెద్దవాళ్ళు పడి కాలో తుంటో విరగ్గొట్టుకున్నాక చూసుకోవడానికి ఆసుపత్రులున్నాయి. పడకముందు, మంచాన చేరకముందు, మనిషి మాట లేక దిగులుతో చిక్కిపోకముందు చేయాల్సిన పనులు కొన్ని ఉంటాయి కదా, అవి మా సంస్థవి. అలాగని నేను ఎవరికీ వండిపెట్టను, ఎవరినీ చెయ్యి పట్టుకుని నడిపించను. ఏ పేటలో ఏ అవసరం ఉందో చూసి, అక్కడి మనుషుల్లోనే ఆ పని చేయగల బృందాన్ని వెతికి, ఏడాదికని ఒప్పందం రాసి పని అప్పగిస్తాను. ఏడాది చివర దానివల్ల మేలు జరిగిందో లేదో కాగితాల మీద చూపించాలి. చూపించలేకపోతే ఆ ఒప్పందం అక్కడితో సరి.

పోయిన ఏడాది అలా నేను పట్టుబట్టి పెట్టించింది సరోజగారి బృందం. ఆవిడది వరంగల్, అక్కడ స్కూల్లో డ్రిల్లు టీచరు. కూతురి దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మన పెద్దవాళ్ళ సంగతి నీకు తెలియదు అక్కా. మనవల కోసం వస్తారు. మనవలు బడికి, కొడుకూ కోడలూ ఆఫీసుకి. కారు నడపడం రాకపోతే కూరగాయల కొట్టుకు కూడా వెళ్ళలేని ఊరు ఇది. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం దాకా నాలుగు గోడలూ ఒక టీవీ. సరోజగారు మంగళ, గురువారాల్లో వ్యాను పంపి వాళ్ళను కమ్యూనిటీ సెంటర్లో ఒక గదిలోకి చేర్చి, కుర్చీలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, పడకుండా లేవడం నేర్పిస్తారు. తర్వాత అందరూ కలిసి అన్నం తింటారు, పేకాడతారు, పోట్లాడుకుంటారు. మా అత్తయ్య కూడా వెళతారు. ఆ సంగతి ఆఫీసులో ముందే చెప్పి రాసిచ్చాను, రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని.

ఇక నేను చేసిన తప్పు.

పని మొదలుపెట్టేటప్పుడు ఒక ఫారం, ఏడాది చివర అదే ఫారం నింపించాలి. గత మూడు నెలల్లో పడ్డారా, పడతానేమోనని భయంగా ఉంటుందా, మాట్లాడే మనిషి లేరని అనిపిస్తుందా, ఇలాంటి ప్రశ్నలే. తెలుగులోకి నేనే మార్చాను. ఎంత మర్యాదగా అడగాలో అంత మర్యాదగా అడిగానని మురిసిపోయాను కూడా. ఆ ఫారాలు రెండుసార్లూ పంచింది మాత్రం సాయంత్రం, పిల్లలొచ్చి పెద్దవాళ్ళను కార్లెక్కించుకునే వేళ. చిన్న అక్షరాలు, కళ్ళజోళ్ళు సంచుల్లో, అందుకని కొడుకులూ కోడళ్ళూ చదివి పెట్టారు.

ఒకాయన కొడుకు ఫోన్ చూసుకుంటూనే అడిగాడు. "నాన్నా, లోన్లీగా ఉంటుందా అని అడుగుతున్నారు. ఏం టిక్ చేయమంటావు?"

"నాకేం తక్కువరా, మహారాజులా చూసుకుంటున్నారు. అలాగే రాయి."

కొడుకు రాశాడు. పక్కనే నిలబడి నేను నవ్వాను. ముప్ఫై ఒక్కమంది ఫారాలు వచ్చాయి, ముప్ఫై ఒకటీ అంతే. ఎవరూ పడలేదు, ఎవరికీ భయం లేదు, ఎవరికీ దిగులు లేదు. అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళు ఆ ఫారాలు పంచి ఉంటే వాళ్ళకు తెలియక జరిగిందనుకోవచ్చు. కొడుకు ముందు నిలబెట్టి నీకు కష్టంగా ఉందా అని అడిగితే మన పెద్దవాళ్ళు ఏం చెబుతారో నాకు తెలియదా? తెలుసు. అయినా ఆరోజు నాకు తట్టలేదు.

దాని దెబ్బ ఈ ఫిబ్రవరిలో తగిలింది. మా పైఅధికారి డెనీస్ రెండుసార్ల ఫారాలూ ముందు పెట్టుకుని నన్ను పిలిచింది. చెడ్డ మనిషి కాదు, నెమ్మదిగానే చెప్పింది. మొదట్లోనూ వీళ్ళకు ఏ సమస్యా లేదు, ఇప్పుడూ లేదు, లేని సమస్యకు ఏర్పాటెందుకని ఒప్పందాలు ఖాయం చేసే కమిటీ అడిగితే నేనేం చెప్పను లలితా, అంది. ఇంకో పేటలో నిజంగా అవసరం ఉన్నవాళ్ళు ఎదురుచూస్తున్నారట. కమిటీ కూర్చోవడానికి మూడు వారాలుంది.

సరోజగారికి చెబితే ఆవిడ చేతిలో ఉన్న కుర్చీ దబ్బున కింద పెట్టారు. "లేదంటె ఎట్లమ్మా? పోయిన నెలనే ముగ్గురు పడ్డరు. నా కండ్ల ముంగట ఒకాయన మెట్ల మీద కూలబడ్డడు. ఫారంల ఏం రాసిండ్రో నాకేం ఎరుక?"

"మీరు చూసింది చాలదటండీ. వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పాలట."

"వాళ్ళు చెప్పరమ్మా. సచ్చినా చెప్పరు."

ఆ మూడు వారాలూ నాకు అన్నం సహించలేదు. మంగళవారం వ్యాను వచ్చినప్పుడు అత్తయ్య చీర సర్దుకుని గుమ్మంలో ముందే నిలబడి ఉంటారు. ఆ గది మూతపడితే ఈవిడ మళ్ళీ కిటికీ దగ్గరికే కదా, అదీ నా చేతులతో పంచిన కాగితాల వల్ల. మోహన్‌తో చెబితే, నీ ఒక్కదాని తప్పెలా అవుతుంది, ప్రాసెస్ అలా ఉంది అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు, కానీ ఆ ప్రాసెస్ రాసింది నేనే.

అప్పుడు గుర్తొచ్చావు నువ్వు. నా డిగ్రీ సెలవుల్లో నీ వెంట ఊళ్ళు తిరిగాను, జ్ఞాపకముందా? పిల్లాడు సరిగ్గా తింటున్నాడా అని తల్లిని అడిగితే ప్రతి తల్లీ తింటున్నాడండీ అనేది. నువ్వు పుస్తకం మూసేసి, పక్కింటి పిల్లాడు తింటున్నాడా అని అడిగేదానివి. పక్కింటి సంగతంతా గలగలా బయటపడేది. ఆ పక్కింటికెళితే ఈ ఇంటి సంగతి. రెండూ కలిపితే వీధి మొత్తం నీ పుస్తకంలో ఉండేది.

డెనీస్ దగ్గరికెళ్ళి అదే చెప్పాను. పేర్లు లేకుండా, ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పి, పిల్లలు లేని వేళలో, మీ గురించి వద్దు, మీకు తెలిసిన ఇంకొకరి గురించి చెప్పండి అని అడుగుతాం అన్నాను. అది లెక్కలోకి వస్తుందో రాదో చెప్పలేను గానీ అడిగి చూడు, అంది. మా ఇంటి మనిషి ఉంది కాబట్టి అత్తయ్యను సరోజగారు అడిగేట్టు, మిగతావాళ్ళలో సగం మందిని నేను అడిగేట్టు మాట్లాడుకున్నాం.

గురువారం అన్నాలయ్యాక మొదలుపెట్టాం. అక్కా, నువ్వు అక్కడుంటే నవ్వేదానివి. ప్రతివాళ్ళూ ఒకటే మాట. "నాకేం లేదమ్మా, పాపం ఆవిడే." ఆవిడ దగ్గరికెళితే, "నాకేం లేదమ్మా, పాపం ఆయనే." మహారాజులా చూస్తున్నారన్న పెద్దాయన గురించి ముగ్గురు చెప్పారు. ఆయన పగలంతా చనిపోయిన భార్య ఫోన్‌కు ఫోన్ చేసి, రికార్డయిన ఆవిడ గొంతు విని పెట్టేస్తాడట. నా చేయి ఆగకుండా రాస్తూనే ఉంది.

చివరగా విశాలాక్షిగారని, కిందటి నెలే చేరినావిడ. నేనెవరింటి కోడలినో ఆవిడకు తెలియదు. "పేరు వద్దన్నారుగా, చెప్పను," అని గొంతు తగ్గించారు. "ఒకావిడ కుండీల్లో గోంగూర పెంచుతారు. టబ్బులో బకెట్టు పెట్టుకుని నీళ్ళు పోసుకుని, దిగేటప్పుడు టబ్బు అంచు దాటబోయి పడ్డారట. చెయ్యంతా నల్లగా కమిలిపోయింది, నాకు చూపించారు. పైన స్వెట్టర్ వేసుకుని తిరుగుతున్నారు. కోడలికి చెప్పనని నాచేత ఒట్టేయించుకున్నారు."

"ఎందుకని?" అన్నాను.

"ఆ పిల్ల ఉద్యోగమే పెద్దవాళ్ళు పడకుండా చూడటమంటండీ. ఇంట్లో అత్తగారే పడ్డారంటే ఆఫీసులో తలెలా ఎత్తుకుంటుంది అని ఆవిడ బాధ. నిజమే కదండీ?"

నిజమేనండీ అన్నాను. ఆ నాలుగు ముక్కలూ కాగితం మీద పెట్టడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మూడు వారాలుగా అత్తయ్య స్వెట్టర్ వేసుకుని తిరుగుతుంటే చూస్తూనే ఉన్నాను అక్కా. చలేస్తోందేమోనని ఇంట్లో వేడి రెండు డిగ్రీలు పెంచాను. అదీ నేను చేసిన సేవ.

ఇంటికెళ్ళేసరికి ఆవిడ బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఎదురుగా కూర్చుని, "చెయ్యి చూపించండి అత్తయ్యా," అన్నాను. ఆవిడ ఇంకో కాయ ఈనె తీశారు.

"విశాలాక్షి నోట్లో నువ్వుగింజ నానదు," అన్నారు. తర్వాత చేయి పైకి లాగారు. అప్పటికి నలుపు పోయి పచ్చబడింది. మోచేతి నుంచి భుజం దాకా ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆవిడ కొంగుతో నా మొహం తుడుస్తూ, "పడ్డది నేనైతే నువ్వేడుస్తావేంటే? నీకు చెబితే ఇదిగో ఇలాగే అవుతుందని చెప్పలేదు," అన్నారు. మళ్ళీ ఆవిడే, "ఆ గది మూసేస్తారంటగా. నేను పడ్డానని రాసుకో. పేరుతో సహా రాసుకో. మావాడికి మాత్రం ముందు నేను చెప్పుకుంటాను," అన్నారు.

మర్నాడు పొద్దున్న ఇడ్లీలు పెడుతూ చెప్పారు. మోహన్ అమ్మ చెయ్యి పట్టుకుని చూశాడు. నా వైపు తిరిగి, "నీకు తెలియదా? ఇది నీ ఫీల్డే కదా," అన్నాడు. మాట జారినందుకు సాయంత్రం దాకా నాలుగుసార్లు ఫోన్ చేశాడు. అయినా ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, ఎందుకంటే నేనూ అదే అడుక్కున్నాను.

ఆ రోజే సరోజగారు రాసుకున్న కాగితాలు తెచ్చి కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. వాటిలో ఒకటి, దిగులుగా ఉన్న మనిషి ఎవరైనా మీకు తెలుసా అన్న ప్రశ్నకు. చెప్పినవాళ్ళ పేరు లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "మా ఇంట్లో ఒక పిల్ల ఉంది. ఆఫీసు నుంచి వస్తుంది, కారు ఆపుతుంది, లోపలికి రాదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంటుంది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తుంటాను. కూర మళ్ళీ వెచ్చబెడతాను. ఏమైందని అడగను, అడిగితే బాగానే ఉన్నానంటుంది."

నేను కారులో కూర్చుంటానని ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదనుకున్నాను అక్కా.

కమిటీ మొన్న బుధవారం కూర్చుంది. అయిదుగురు. బల్ల పట్టుకుని నిలబడ్డాను. మొదటి ఫారాలు తప్పు, వాటిని అలా నింపించింది నేను, అని మొదలుపెట్టాను. మాలో ఎవరూ తమ కష్టం తాము చెప్పుకోరు, చెబితే కన్నబిడ్డలను నలుగురిలో తక్కువ చేసినట్టవుతుంది అన్నాను. తర్వాత అత్తయ్య సంగతి, ఆవిడ పేరుతోనే చెప్పాను. ఒకాయన కళ్ళజోడు తీసి, "మీ ఇంట్లో పడితే మీకే తెలియలేదా?" అన్నాడు. తెలియలేదండీ, వారానికి రెండుసార్లు పక్కన కూర్చునే మనిషికి తెలిసింది, ఆ గది అందుకే కావాలి అన్నాను. డెనీస్ తల దించుకుని ఏదో రాసుకుంది.

ఆరు నెలలు పొడిగించారు. ఆ లోగా ఫారాలన్నీ మళ్ళీ మొదటినుంచి, పిల్లలు లేకుండా, సరోజగారి ఎదుట నింపించాలి. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూస్తారట. ఇప్పుడు నిజాలు రాస్తే ఇంతమంది పడుతున్నారా, ఇక మీ బృందం ఏం చేసినట్టు అంటారేమోనని నాకు ఇంకో భయం పట్టుకుంది. అత్తయ్య మాత్రం మంగళవారానికి చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నారు. మోహన్ టబ్బు పక్కన గోడకు పట్టుకునే కడ్డీ బిగించాడు. వంకరగా ఉంది గానీ గట్టిగానే ఉంది, నేను వేలాడి చూశాను.

రవి స్నేహితుడు వచ్చే నెల ఇటు వస్తున్నాడని రాయించావు కదా. అతనితో అత్తయ్యకు నాడా లంగాలు నాలుగు, నూలువి, పంపగలవా? జారని అడుగు ఉన్న రబ్బరు చెప్పులు ఒక జత కూడా, కొలత కాగితం మీద గీసి ఇందులో పెట్టాను. నిత్యకు నీ చేతి గుమ్మడి వడియాలు కావాలట. "పెద్దమ్మ వడియాలు మాత్రమే, స్టోర్ వడియాలు నాట్ సేమ్," అంది. వడియాలు ఇప్పుడు నువ్వు పెట్టలేవని నాకు తెలుసు. ఎలా తెలుసో చెబుతాను.

నిన్ను అడిగితే ఏమంటావో తెలుసు కాబట్టి నిన్ను అడగలేదు. మొన్న శుక్రవారం మీ ఎదురింటి శారదగారికి ఫోన్ చేశాను. నాకేం తెలియదమ్మా అని మొదలుపెట్టి, పాపం మీ అక్కే అన్నారు. తనిఖీకి వెళ్ళి బస్సు దిగుతూ పడ్డావట. కుడి మణికట్టు విరిగిందట. కట్టు విప్పినా వేళ్ళు ముడుచుకోవడం లేదట, కలం పట్టలేకపోతున్నావట, రెండు నెలలుగా సెలవులో ఉన్నావట. చెల్లెలు బెంగ పెట్టుకుంటుందని ఎవరినీ చెప్పనివ్వలేదట. వీడియోలో కొంగు నిండా కప్పుకుని కూర్చుంటే చలేస్తోందా అని అడిగాను, ఫ్యాను గాలి అన్నావు. నేను నమ్మేశాను, ఇంకోసారి.

పైన మేం క్షేమంగానే ఉన్నాం అని రాశాను. కొట్టేద్దామనుకుని ఉంచేశాను. అది కూడా ఆ ముప్ఫై ఒక్క ఫారాల్లాంటిదే. నేను బాగా లేను అక్కా. భయంగా ఉంటోంది. అత్తయ్య ఇప్పుడు నేరుగా కారు దగ్గరికే వచ్చి అద్దం మీద కొట్టి పిలుస్తున్నారు, అందుకని ఇదివరకటి కంటే కొంచెం నయం.

బావగారికి నమస్కారాలు. రవికీ కోడలికీ మా దీవెనలు. శారదగారిని ఏమీ అనకు, అడిగింది నేను. అత్తయ్య నీకు ఆశీస్సులు చెబుతూ, రోజూ వేడినీళ్ళలో చెయ్యి పెట్టి పిండి ముద్ద పిసకమంటున్నారు.

దీనికి జవాబు కోడలి చేత రాయించకు. ఎడమ చేత్తోనైనా సరే, వంకరటింకరగా అయినా సరే, రెండే మాటలు నువ్వు రాయి. క్షేమం అని మాత్రం రాయకు.

నీ దీవెన కోసం, నీ దస్తూరీ కోసం ఎదురుచూసే
చెల్లెలు
లలిత